తోత్సి ఏడుపు

ఆ లిప్‌స్టిక్ రంగు అమ్మది కాదు, ఎవరు పూశారో గానీ బతికుండగా ఇంత ఎర్రటిది ఏనాడూ పెట్టుకోలేదు, శవపేటిక అద్దంలో అమ్మ మొహం మీద నా మొహం కూడా కనబడుతోంది, యాభై రెండేళ్ల మొహం, పొడిగా, అమ్మని పెట్టెలో ఇంట్లో ఉంచి ఇవాళ ఐదో రోజు, రెండింటికి శ్మశానం బండి వస్తుంది, ఇప్పుడు పన్నెండున్నర, నాకింతవరకూ ఒక్క చుక్క రాలేదు, బయట టార్పాలిన్ కింద శవజాగారానికొచ్చి పేకాడుతున్న జీప్నీ బండి డ్రైవర్ బెర్టింగ్, ఏంట్రా తోత్సీ, దేశమంతటినీ ఏడిపించినోడివి, సొంతమ్మకి ఒక్క బొట్టు లేదా అంటున్నాడు, నా పేరు డిండో, తోత్సి నేను టీవీలో వేసిన అనాథ పిల్లాడు, ఆ సీరియల్ ఆగి నలభయ్యేళ్లయింది, పేరు మాత్రం ఒంటికి అంటుకుపోయింది, ఎవరో నవ్వారు, ఊరుకోండ్రా అని ఎవరో కసిరారు, ముక్క వెయ్యి ముందు అని ఇంకెవరో.

ఏడవడం నాకు రాని పనా, ఏడేళ్లప్పుడు రోజుకి మూడుసార్లు ఏడ్చేవాణ్ణి, మొదట్లో లైట్ల వేడికి కళ్లు ఎండిపోయి రాకపోతే డైరెక్టరు విసుక్కునేవాడు, అప్పుడు అమ్మే వచ్చి చెవి దగ్గర వంగి, వేయించిన వెల్లుల్లి వాసన, నేను చచ్చిపోయాను నాన్నా, పెట్టెలో పడుకోబెట్టారు, నువ్వు పిలిచినా లేవను అనేది, అంతే, కడుపులోంచి తన్నుకొచ్చేది, ఎడమ కంట్లోంచి ముందు రావాలి, కెమెరా అటే ఉండేది, అటే వచ్చేది, కట్ అనగానే అమ్మ పరిగెత్తుకొచ్చి, ఇదిగో ఉన్నాగా పిచ్చోడా, పట్టుకుని చూడు అని నా చెయ్యి తన బుగ్గకి రుద్దుకునేది, తర్వాత పుల్లకి గుచ్చిన చక్కెర అరటిపండు కొనిపెట్టేది.

పన్నెండో ఏట నా గొంతు మారితే తోత్సిని సముద్రంలో ముంచి చంపేశారు, బడి ఎప్పుడో మానేశాను, ఐస్ ఫ్యాక్టరీకెళ్లినా చేపల రేవుకెళ్లినా ఏదీ, ఒకసారి ఏడువు అనేవారు, ఏడిస్తే చప్పట్లు కొట్టేవారు, పని ఇచ్చేవారు కాదు, నా పెళ్లాం మారిసెల్ సంచి సర్దుకుంటుంటే నిజంగానే ఏడ్చాను, తలుపు దగ్గర ఆగి, ఇది ఎన్నో ఎపిసోడ్‌దయ్యా అని అడిగి వెళ్లిపోయింది, అది నిజమో కాదో ఆ తర్వాత నాకే తెలియలేదు.

అమ్మ చెల్లెలు చాదెంగ్ పిన్ని గుడ్డతో అద్దం తుడుస్తూ, ఏడవరా నాయనా, కానీ కాస్త ఎడంగా జరిగి ఏడువు, అద్దం మీద చుక్క పడితే మా అక్కకి దారి బరువైపోద్ది అంటూ నా చొక్కా వెనక పట్టుకుంది, నేను కళ్లు మూసుకుని నాలో నేనే, అమ్మ చచ్చిపోయింది, పెట్టెలో పడుకోబెట్టారు, పిలిచినా లేవదు అనుకున్నాను, అవే మాటలు, గొంతు వేడెక్కింది, ఎడమ కన్ను చురుక్కుమంది, బెర్టింగ్ పేక పక్కన పెట్టి ఫోను పైకెత్తాడు, వచ్చేస్తోంది, వచ్చేస్తోంది, మళ్లీ ఆగిపోయింది, ఎందుకాగిందో అప్పుడు తెలిసింది, నేను ఏడ్చిన ప్రతిసారీ అమ్మ లేచొచ్చేది, ఒక్కసారి కూడా తప్పలేదు, ఇప్పుడు ఏడవడం మొదలుపెడితే ఎప్పుడో ఒకప్పుడు ఆపాలి, ఆపాక నా చెయ్యి పట్టుకోవడానికి ఎవరూ పరిగెత్తుకు రారు, ఈ కళ్లకి ఆ సంగతి నాకన్నా ఐదు రోజుల ముందే తెలుసు.