ఇరుసు చీల ఎత్తు

నోమోలున్‌కి పదహారేళ్లప్పుడు ఆమె తెగ ఓడిపోయింది. ఖల్ఖ నది దగ్గర తాతార్ల గుడారాలు, మందలు, మనుషులు అన్నీ మంగోలుల వశమయ్యాయి. గెలిచినవాడి పేరు తెముజిన్. తర్వాతి కాలంలో లోకం చెంఘీజ్ ఖాన్ అన్నది ఆయన్నే. ఆయన చిన్నతనంలో తండ్రికి తాతార్లు విషం పెట్టారు. ఆ పగ తీరేలా సభలో ఒక మాట తేలింది. బండి చక్రం ఊడకుండా ఇరుసుకి దిగ్గొట్టే చీల కన్నా ఎత్తున్న తాతారు మగవాడు ఎవడూ బతకకూడదు. అంతకన్నా పొట్టివాళ్లని పెంచుకోవచ్చు.

నోమోలున్ తండ్రి పోరులోనే పోయాడు. తల్లి అంతకు రెండేళ్ల ముందే లేదు. మిగిలింది నాలుగేళ్ల తమ్ముడు ఒయిదాయ్. కబురు తెలియగానే వాణ్ణి తమ బండి పక్కన నిలబెట్టి చూసింది. నడినెత్తి చీలకి రెండు వేళ్లు పైనే ఉంది.

వాడి కాళ్ల నుంచి మందపాటి జోళ్లు లాగేసింది. అంగీని నేల దాకా జార్చింది.

"ఇదో ఆటరా. అంగీ లోపల మోకాళ్లు వంచి నిలబడాలి. ఎవరూ కనిపెట్టకూడదు. గెలిస్తే ఎండు పెరుగు పెడతా."

"ఎంత?"

"గుప్పెడు."

"రెండు గుప్పెళ్లయితేనే."

"సరే, రెండు. వంచు ముందు."

వాడు బాగానే వంచాడు. పొద్దెక్కే దాకా సాధన చేయించింది.

కొలిచే చోట సూకె అనే మంగోలు సైనికుడు నిలబడి ఉన్నాడు. వయసు ఇరవై దాటి ఉండదు, గొంతు మాత్రం బొంగురుపోయి ఉంది. ఒక్కొక్కణ్ణి చక్రం పక్కకి లాగడం, చూడడం, కుడికో ఎడమకో నెట్టడం అతని పని. కుడివైపు వెళ్లినవాళ్లు గుట్ట వెనక్కి వెళ్తున్నారు. అటునుంచి ఎవరూ తిరిగి రావడం లేదు. వరసలో ఏడుపు కూడా తగ్గిపోయింది.

ఒయిదాయ్ వంతు వచ్చింది. వాడు చెప్పినట్టే మోకాళ్లు వంచి నిలబడ్డాడు. అంతలో సూకె అలవాటుగా అడిగాడు.

"ఏరా వీరుడా, ఎంత పెద్దవాడివి నువ్వు?"

ఆ మాటతో ఆట కాస్తా మరిచిపోయాడు పిల్లాడు. మోకాళ్లు చాచి, మునివేళ్ల మీద లేచి, గడ్డం పైకెత్తి, "ఇంత!" అన్నాడు.

సూకె వాడి వైపు చూశాడు, నేల మీదున్న ఉత్త పాదాల వైపు చూశాడు. తర్వాత తల మీద అరచెయ్యి వేసి కిందికి నొక్కాడు. వాడు చతికిలబడినంత పనయింది.

"పొట్టి. తర్వాతివాణ్ణి పంపండి" అని ఎడమకి నెట్టేశాడు.

కొన్నాళ్లకి ఆడవాళ్లని పంచినప్పుడు నోమోలున్ సూకె వంతుకి వచ్చింది. వెంట తమ్ముడూ వచ్చాడు. కెరులెన్ నది ఒడ్డున గుడారం వేసుకున్నారు. అక్కడే ముగ్గురు పిల్లలు పుట్టారు. సూకె ఆమెను కొట్టలేదు, పెద్దగా మాట్లాడనూ లేదు. పెళ్లయిన ఏడో ఏట ఒకసారి అడిగింది.

"ఆ రోజు వాడి తల ఎందుకు నొక్కావు?"

"జుట్టు లేచి ఉంది. అణిచాను" అన్నాడు సూకె. జీను పట్టీ కుట్టుకుంటూ తల ఎత్తలేదు.

ఒయిదాయ్ పొడగరిగా పెరిగాడు. ఖాన్ సైన్యంలో చేరి పడమటి దేశాల దాకా వెళ్లాడు. నూరుమందికి నాయకుడయ్యాడు. ఏ ఊళ్లో ఏం చేశాడో అతను చెప్పలేదు, అక్క అడగలేదు.

ఆ కొలత జరిగిన ఇరవై అయిదేళ్లకి తంగుతుల దేశం మీద దండయాత్రలో ఖాన్ కన్నుమూశారు. ఆ కబురు మోసుకుని ఒయిదాయ్ ఇంటికి వచ్చాడు. పొయ్యి పక్కన కూర్చుని, గడ్డం తడిసేలా ఏడ్చాడు.

"అక్కా, గుర్రం పాలు తియ్యి. ఆయన పేరు చెప్పి ఆకాశానికి చిలకరించు. ఇంటి ఆడదానివి, నువ్వే చెయ్యాలి."

"నేను చెయ్యను."

"అదేం మాట? నాకు గుర్రం ఇచ్చింది ఆయన, విల్లు ఇచ్చింది ఆయన. నాకు తండ్రే అనుకో."

"నీ తండ్రి పేరేంటి?"

ఒయిదాయ్ నోరు తెరిచాడు. పేరు రాలేదు. నాలుగేళ్లవాడికి నాన్న నాన్నే కదా, పేరెందుకు గుర్తుంటుంది? అతను ఎవరినీ ఎప్పుడూ అడగలేదు.

"ఖొరితెయ్" అంది నోమోలున్. "ఆ పేరు ఇన్నేళ్లూ నేనొక్కదాన్నే మోశాను." తర్వాత బండి సంగతి, చీల సంగతి, కాళ్ల జోళ్ల సంగతి అంతా చెప్పింది. గొంతు పెంచలేదు.

ఒయిదాయ్ బావ వైపు తిరిగాడు. "నిజమేనా బావా?"

"నిజమే."

"ఒక్కసారైనా చెప్పలేదేం?"

సూకె పొయ్యిలోకి ఒక పిడక తోశాడు. "చెప్పడానికి ఏముందిరా? నీకన్నా ముందు పదకొండుమందిని గుట్ట వెనక్కి పంపాను. నీ తర్వాత ఎంతమందో గుర్తు లేదు. నీ ఒక్కడి తల నొక్కానని గొప్పగా చెప్పుకోమంటావా?"

"ఎందుకు నొక్కావు?"

"నాకూ తెలీదు. తెలిస్తే మిగతావాళ్లవీ నొక్కేవాణ్ణేమో."

ఒయిదాయ్ లేచి బయటికి వెళ్లిపోయాడు. సాయంత్రం లోపే గుర్రానికి జీను కట్టుకుని దళం వైపు సాగిపోయాడు. పాలు ఎవరి పేరునా ఎవరూ చిలకరించలేదు. మర్నాటికి అవి పాడైపోతే నోమోలున్ కుక్కలకి పోసింది. చెప్పేస్తే గుండె తేలికవుతుందని ఇన్నాళ్లూ అనుకుంది. ఏమీ తేలిక కాలేదు.

రెండేళ్లు గడిచాయి. ఒక వసంతంలో, గొర్రెలు ఈనుతున్న రోజుల్లో, ఒయిదాయ్ మళ్లీ వచ్చాడు. కణతల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. గుడారంలో మగవాళ్లు కూర్చునే వైపు జీను దించి, సూకె పక్కన కూర్చున్నాడు. ఈసారి అతని చేతివేళ్లు రెండు లేవు. ఎక్కడ పోయాయో నోమోలున్ అడగబోయి మానుకుంది.

"ఎన్ని గొర్రెలు ఈనాయి బావా?" అని అడిగాడు.

"నలభై దాకా. రెండు చచ్చిపోయాయి" అన్నాడు సూకె.

నోమోలున్ మాంసం ముక్కలు కోసి ఇద్దరి ముందూ పెట్టింది.