యోహాను ప్యాంటు

మాచర్ల రైల్వే స్టేషను బయట అబిదా పాత బట్టల కుప్ప పోసుకుని కూర్చునేది. పక్కనే సారమ్మ. ఊడిన బొత్తాలు కుట్టడం, చిరుగులకు మాసికలు వెయ్యడం, పొడుగైన కాళ్లు మడిచి కుట్టడం ఆమె పని. మధ్యాహ్నం పన్నెండింటికి ఊరవతల క్వారీలో రాళ్లు పేల్చేవాళ్లు. రోజుకు ఏడు పేలుళ్లు. ఏడోది వినపడగానే ఇద్దరూ అన్నం గిన్నెలు విప్పేవాళ్లు.

కుప్పలోంచి ప్యాంటు తీసినవాడు ధర కంటే ముందు "ఎవరిది?" అని అడగాలి. అడగకపోయినా అబిదా చెప్పాలి. అది ఆ వ్యాపారంలో మర్యాద. పాత ప్యాంటు తనను తొడిగిన మనిషి నడకను మర్చిపోదు కదా! రైలు గార్డు ప్యాంటు కొన్న ఉల్లిపాయల వ్యాపారి, కూత వినపడినప్పుడల్లా బేరం వదిలేసి ప్లాట్‌ఫారం మీదికి నడిచిపోయేవాడు. పెళ్లాం వచ్చి చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకుపోయేది. పోస్టుమాన్ ప్యాంటు కొన్న పెళ్లికొడుకు ఊరేగింపులో ప్రతి గుమ్మం దగ్గరా ఆగాడు. చవగ్గా వచ్చినప్పుడు ఆమాత్రం ఉంటుందని జనం సర్దుకుపోయారు.

అమెరికా నుంచి మిషను వాళ్లకు వచ్చే మూటల్లో అప్పుడప్పుడు నీలం జీన్ ప్యాంట్లు ఉండేవి. ముతక గుడ్డ, జేబుల మూలల్లో రాగి మేకులు. పదేళ్లు తొడిగినా చిరగవు. వాటి కోసం క్వారీ మేస్త్రీ ఆంజనేయులు ప్రతి ఆదివారం వచ్చి కుప్పంతా తిరగేసేవాడు. మనిషి నిట్రాడంత పొడుగు, నడుం మాత్రం సన్నం. నడుం పట్టీని మెడకు చుట్టుకుని చూసేవాడు. రెండు కొసలూ మెడ వెనక కలిస్తే నడుముకు సరిపోయినట్టే. కొసలు కలిసిన ప్యాంటు కాళ్లు పిక్కల దగ్గరే ఆగిపోయేవి. కాళ్లు సరిపోయినది నడుం దగ్గర గోనెసంచిలా ఉండేది.

"ఏందే అబిదా, నా కొలతల మనిషి అమెరికాలో పుట్టనే లేదా?" అని విసుక్కునేవాడు.

సారమ్మ తలెత్తేది కాదు. ఆ కొలతల మనిషి మాచర్లలోనే పుట్టాడు. ఆమె మొగుడు యోహాను.

మూడేళ్ల కిందట ఆ క్వారీలో ఒకరోజు ఆరు పేలి ఏడోది పేలలేదు. అలాంటప్పుడు అరగంట ఆగాలి. ఆంజనేయులు ఆగనివ్వలేదు. "పోయి చూడరా, ఏమైందో" అని యోహానును పంపాడు. యోహాను ఇంకా నలభై అడుగుల దూరంలో ఉండగానే అది పేలింది. రాయి తలకు తగిలింది. ఒంటి మీది జీన్ ప్యాంటుకు చుక్క నెత్తురు అంటలేదు. వద్దన్నా వినకుండా పోయాడని పోలీసులకు చెప్పి, ఆంజనేయులు ఆ సాయంత్రమే కల్లు దుకాణంలో కూర్చున్నాడు. సమాధి దాకా కూడా రాలేదు.

సారమ్మ ఆ ప్యాంటు ఉతికి పెట్టెలో పెట్టింది. రోజూ పన్నెండింటికి అది పెట్టెలో కాళ్లు తన్నుకునేది, మిగిలిపోయిన నలభై అడుగుల కోసం. పక్కింటివాళ్లు ఆ చప్పుడు విని పొద్దెంతయిందో తెలుసుకునేవాళ్లు. సారమ్మకు మాత్రం ఒక్కటే కోరిక. ఆంజనేయులు చావాలి. ప్రార్థనలో మోకరించినా అదే అడిగేది. దేవుడికి నచ్చకపోతే నచ్చకపోనీ అనుకునేది.

ఒక ఆదివారం గుడి నుంచి నేరుగా ఆ ప్యాంటు పట్టుకుని వచ్చింది.

"ఇది కుప్పలో పెట్టక్కా."

అబిదా గుర్తుపట్టింది. "ఎవరిదో చెప్పకుండా నేను అమ్మనే సారమ్మా."

"చెప్పొద్దని ఎవరన్నారు? పేరు విని ఆ మేస్త్రీ మొహం కొంచెం మారినా, ఒక్క మాట అయ్యో అన్నా, నేను వెనక్కి తీసుకుపోతా. మళ్లీ ఈ ఊసెత్తను."

ఆంజనేయులు వచ్చాడు. నీలం ప్యాంటు మెడకు చుట్టుకున్నాడు. కొసలు రెండూ అంటుకున్నాయి. నడుముకు ఆనించి కాళ్లు కిందికి వదిలితే సరిగ్గా మడమల దాకా వచ్చాయి. మొహం వెలిగిపోయింది.

"అది యోహానుది మేస్త్రీగారూ," అన్నది అబిదా.

"ఏ యోహాను?"

"మీ క్వారీలో పనిచేసినాయన."

ఆంజనేయులు కుట్లు లాగి చూస్తున్నాడు. "చానామంది చేశారు. యోహానులే అరడజను మంది. అందరినీ గుర్తుపెట్టుకుంటామా ఏంది? ఇదిగో, ఈ బొత్తం వదులైంది." ప్యాంటు సారమ్మ ఒళ్లోకి విసిరాడు. "గట్టిగా కుట్టవే. నడుస్తుంటే జారకూడదు."

"జారదయ్యా," అన్నది సారమ్మ.

మైనం పట్టించిన దారంతో బొత్తం కుట్టింది. తర్వాత కాజాకు రెండు పక్కలా కుట్టు వేసి బిగించింది. బొత్తం లోపలికి పోతుంది, బయటికి రాదు. మూడేళ్లలో ఆమె అంత శ్రద్ధగా ఏ పనీ చెయ్యలేదు.

సోమవారం పన్నెండింటికి కూలీలంతా రేకుల షెడ్డులోకి చేరారు. ఆరు పేలాయి. ఏడోది పేలలేదు. నీలం ప్యాంటు తొడుక్కున్న ఆంజనేయులు కాళ్లు లేచి బయటికి నడిచాయి.

"ఒరేయ్, పట్టుకోండ్రా!" అని అరిచాడు.

ఎవరూ కదల్లేదు. ఏడోది పేలేదాకా, బయట ఎవడు చస్తున్నా సరే, షెడ్డు దాటిన వాడికి పని ఉండదని రూలు పెట్టింది ఆయనే. యోహాను పోయిన మర్నాడే పెట్టాడు.

రెండు చేతులతో బొత్తం గుంజాడు. రాలేదు. కూలబడదామంటే కాళ్లు మడతపడలేదు. యోహాను పడిపోయిన చోటుకు వచ్చేసరికి ఏ యోహానో ఆంజనేయులుకు గుర్తొచ్చింది. ఆ పేరే పెట్టి పెద్దగా ఏడ్చాడు. కాళ్లు ఆగలేదు. అక్కణ్ణించి ఇంకా నలభై అడుగులు ఉంది.

స్టేషను బయట అబిదా గిన్నె మూత మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది. సారమ్మ సూది పట్టుకుని, పెదాల మీదే లెక్కపెడుతోంది. ముప్ఫై ఎనిమిది. ముప్ఫై తొమ్మిది.

ఏడోది వినపడింది.

సారమ్మ చేతులు కడుక్కుని గిన్నె విప్పింది. ఉన్నదంతా తిని, అబిదా గిన్నెలోంచి ఇంకొంచెం పెట్టించుకుంది.