కమ్మీ మీద పసుపు దుప్పటి

లాండ్రీ నడిపే మనిషిని సెలవులకి సముద్రపు ఒడ్డుకి తీసుకొచ్చి ఊరికే కూర్చోమంటే కూర్చుంటుందా? వచ్చీరాగానే కర్టెన్లు ఉతికింది. తర్వాత సోఫా కవర్ల మీద పడింది. "నన్ను కూడా నానబెట్టేస్తావేమిటే తల్లీ!" అని అత్తగారు నవ్వారు. కోడలు నవ్వింది కానీ చేతులు ఆపలేదు.

ఆ మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. మొదటి చినుకు పడిందో లేదో, కోడలు ఒక్క అంగలో వరండాలోకి వెళ్లి తీగ మీది బట్టలన్నీ చుట్టబెట్టింది. వరండా కమ్మీ మీద పరిచి ఉన్న పసుపు దుప్పటి మీద ఏదో పిట్ట రెట్ట వేసింది. చూసి ఊరుకునే రకమా ఈవిడ? దాన్నీ లాగింది. అన్నీ కలిపి వాషింగ్ మెషీన్‌లో కుక్కి, మీట నొక్కి, హాయిగా టీ కలుపుకుంది.

కప్పు నోటిదాకా వెళ్లాక గుర్తొచ్చింది.

ఆ వరసలో ఇళ్లన్నీ ఒక్క అచ్చులో పోసినట్టుంటాయి. తెల్ల గోడలు, నీలం తలుపులు. నీళ్ల మీద నుంచి చూస్తే ఏది ఎవరిదో ఎవరూ చెప్పలేరు. ఒడ్డు పొడుగునా నీళ్ల కింద రాళ్లే. సరిగ్గా వీళ్ల ఇంటికి ఎదురుగా మాత్రం పడవ పట్టేంత సందు ఉంది. అందుకే ఈ ఇల్లు కట్టించిన మామగారు ఒక నియమం పెట్టారు: మనవాళ్లు నీళ్ల మీద ఉన్నంతసేపూ పసుపు దుప్పటి కమ్మీ మీదే ఉండాలి, దాన్ని చూసుకునే ఒడ్డుకి రావాలి. ఇప్పుడు నీళ్ల మీద ఉన్నది ఆవిడ మొగుడూ, పిచ్చుక అని పిలుచుకునే చిన్న కూతురూ. తెడ్ల పడవ వేసుకుని వెళ్లారు.

"అత్తయ్యా! దుప్పటి తీసేశానండీ! నా చేతులు పడిపోను!"

మెషీన్ అద్దంలో పసుపు గుండ్రంగా తిరుగుతోంది. తలుపు రాలేదు. ప్లగ్గు పీకినా ఆ తలుపు వెంటనే రాదని, రోజంతా మెషీన్లతోనే కాపురం చేసే ఆవిడకి తెలియదా? తెలుసు. అయినా పీకింది. కాలితో తన్నింది. ఏడ్చింది.

అత్తగారు కోడలి రెక్క పట్టుకున్నారు. "ఏడవకే, ముందు బయటికి పద," అన్నారు.

వాన తెరలో పడవ మసకమసగ్గా కనబడింది. కానీ ఇటు రావడం లేదు. ఎడమ వైపుకి పోతోంది. వరసలో చివరింటి వాళ్లెవరో పెద్ద పసుపు గొడుగు వరండాలో తెరిచే వదిలేసి ఊళ్లోకి వెళ్లారు. అదే దుప్పటి అనుకున్నాడు, పిచ్చి మారాజు! ఆ ఇంటి ముందు ఉన్నవన్నీ రాళ్లే.

"అటు వెళ్లకండీ! అటు కాదు!" గొంతు చించుకుని అరిచింది. గాలి ఆ మాటని వెనక్కి కొట్టింది.

"ఆ గొడుగు పీకి తెచ్చెయ్!" అని అత్తగారు అరిచారు.

కోడలు పరిగెత్తింది. ఇసకలో పడింది, లేచింది. చివరింటి పిట్టగోడ దూకి గొడుగుని స్టాండులోంచి ఊడబెరికింది. మూస్తే పసుపు కనబడదు. కనబడకపోతే ఆయన ఎటు వస్తాడో ఎవరికి తెలుసు? తెరిచే మొయ్యాలి. తెరిస్తే గాలి గొడుగుతో పాటు మనిషినీ ఈడ్చుకుపోతోంది. దేవుడా, నన్నేమైనా చెయ్యి, వాళ్ల జోలికి వెళ్లకు అనుకుంటూ కర్రని కావలించుకుంది. ఇంతలో మోకాళ్ల నొప్పులని గుమ్మం దిగని అత్తగారు ఎలా వచ్చారో వచ్చి, కర్ర రెండో కొస పట్టుకున్నారు.

ఇద్దరూ ఒడ్డు వెంట అడుగులో అడుగేస్తూ గొడుగుని మోశారు. పడవ ముక్కు తిరగలేదు. ఇంకా తిరగలేదు. అప్పుడు మెల్లగా, చాలా మెల్లగా, తిరిగింది.

సందుకి ఎదురుగా నడుంలోతు నీళ్లలో దిగి నిలబడ్డారు. పడవ రాళ్లని రాసుకుంటూ వచ్చి ఇసకని తాకింది. పిచ్చుక ఒక్క దూకు దూకి తల్లి మెడకి చుట్టుకుంది.

"అమ్మా, మన ఇల్లు నడుస్తోందని నేనే ముందు చూశాను! నాన్న నమ్మలేదు. చూడు నాన్నా, చూడు నాన్నా అని ఏడిస్తే అప్పుడు చూశాడు!"

ఆయన తెడ్డు వదలకుండానే ఇసకలో కూలబడ్డాడు. "దుప్పటి ఏది?" అన్నాడు.

"నేనే తీసేశాను," అంది. ఆయన పిల్ల కాలు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

ఇంట్లోకి వచ్చేసరికి మెషీన్ తలుపు దానంతట అదే వదులైంది. ఆవిడ నురగ కారుతున్న దుప్పటిని బయటికి లాగి, అంత వానలోనూ తీసుకెళ్లి కమ్మీ మీద పరిచింది.

"అందరూ వచ్చేశారు కదే," అన్నారు అత్తగారు.

"ఉండనివ్వండి అత్తయ్యా."

అత్తగారు క్లిప్పుల డబ్బా తెచ్చి, ఒక్కొక్కటే అందించారు.