రాసుకునే ధర

“రాసుకోవడానికా అక్కా, కొనుక్కోవడానికా?” అన్నాడు ఉల్లిపాయల కొట్టతను.

“రాసుకోవడానికే. చెప్పు.”

అతను చెప్పాడు. అంతకుముందే సంచీ ఎత్తుకుని వెళ్లినావిడ దానికి దాదాపు రెట్టింపు ఇచ్చింది. అది కళ్లారా చూసి కూడా ధరలక్క అతను చెప్పిందే రాసుకుని పక్క కొట్టుకు నడిచింది.

బజారు పెట్టిన పేరది. ధరల లెక్కలు కట్టే ఆఫీసులో ఆమె రోజుకూలీ. సంచీ మోసీ మోసీ ఎడమ భుజం కిందికి జారిపోయింది, చెప్పులు మడమల దగ్గర అరిగి పలచబడ్డాయి. ఆ కాగితం పన్నులవాళ్లకి చేరుతుందేమోనని కొట్లవాళ్లకి గుబులు, అందుకే ఆమెకు తగ్గించి చెబుతారు. కాదురా నాయనా అని మొదట్లో నెత్తీ నోరూ కొట్టుకుంది. తను కొనే ధర వేరే ఉందని ఆఫీసులో చెబితే, “నువ్వెంతకు కొన్నావో ఎవడిక్కావాలమ్మా? వాళ్లు చెప్పింది రాయి” అని ఆఫీసరు కసిరాడు. ఆ తర్వాత ఆమె మళ్లీ నోరెత్తలేదు.

ఇవాళ మాత్రం మనసు మనసులో లేదు. రాష్ట్రంలో బతుకు ఖర్చు దేశ సగటును దాటితే కూలీలకు కరువు భత్యం ఇస్తారట. ఆ లెక్క ఇవాళే తేలుతుంది. ఇంట్లో ఆయనకు ఊపిరాడని జబ్బు. పూటకో మాత్ర వెయ్యాల్సింది, రోజుకొకటే వేస్తోంది. భత్యం వస్తే ఆయన గుండెల నిండా గాలి పీల్చుకుంటాడు, అంతే ఆమె ఆశ.

మధ్యాహ్నం ఆఫీసరు మిఠాయి పొట్లం విప్పాడు. “మన రాష్ట్రం దేశ సగటు కన్నా చవకని తేలిందమ్మా! తీసుకో.”

“మరి మా భత్యం సార్?”

“భలేదానివే! చవకైనచోట భత్యమెందుకు?”

ఆ చవకంతా తను రాసిందే. చేజేతులా చేసుకుంది, ఎవర్ని తిట్టుకోవాలి? మిఠాయి బల్లమీదే వదిలేసి వచ్చేసింది.

“రాసుకోవడానికా అక్కా?” అన్నాడు మందుల కొట్టతను. ఆఫీసు జాబితాలో రాసుకునే రకం మాత్ర ఆ కొట్లో కనబడి ఏడాది దాటింది. ధర మాత్రం ఇప్పటికీ తడుముకోకుండా చెబుతాడు.

“కొనుక్కోవడానికయ్యా.”

అతని మొహం చిన్నబోయింది. ఉన్న రకం తీసి అసలు ధర చెప్పాడు. ఆమె పర్సు రెండుసార్లు వెతుక్కుంది. “సగం షీటు కత్తిరించు” అంది.

“మిగతా సగం నీకే ఉంచుతాలే, రేపొచ్చి పట్టుకెళ్లు.”

ఇంట్లో ఆయన గోడకు చేరగిలబడి కూర్చునే ఉన్నాడు. పొద్దున ఆమె భుజాల చుట్టూ కప్పిన తువ్వాలు అలాగే ఉంది.

“ఏమండీ, మాత్రలు తెచ్చా. ఇవాళ్టి నుంచి రెండు పూటలా వేస్తా, వాళ్ల భత్యం ఎవడిక్కావాలి?”

కుండలో నీళ్లు ముంచుకొచ్చి గ్లాసు ఆయన పెదవులకు ఆనించింది. నీళ్లు గడ్డం మీదుగా తువ్వాల్లోకి కారిపోయాయి. ఛాతీ కదలడం లేదు. ఆమెకు ఏడుపు కన్నా ముందు ఒళ్లంతా మండింది, ఆఫీసు మీదా, బజారు మీదా, అన్నిటికన్నా తన చేతి మీదా.

మందుల కొట్టు సొరుగులో, ‘ధరలక్కకి’ అని చీటీ అంటించిన సగం షీటు అలాగే ఉండిపోయింది.