చేతికందే బంతి

అప్పటికి మూడోసారి ఇంగ్రిడ్ హాల్వర్సన్ ఒళ్ళు వేడెక్కించుకుంటోంది. టెన్నిస్ కోర్టుల వెనక, నీళ్ళ పైపులు చుట్టిపెట్టిన చోట కాస్త నీడ ఉంది. అక్కడ తాడు గెంతి, మోకాళ్ళు ఎత్తి పరిగెత్తి, భుజాలు తిప్పి, నుదుటి మీద చెమట తడి తగలగానే ఆగిపోయింది. అంతకు మించితే అలసట. అంతకు తగ్గితే, పిలుపు వచ్చేసరికి కండరాలు బిగుసుకుపోయి ఉంటాయి. ఆ పిలుపు ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియకుండా రోజంతా చల్లారకుండా ఉండడం ఒక విద్య. దక్షిణ కరోలినాలోని ఆ చిన్న ఊరి క్లబ్బుకు ఆ వారం ఆడడానికి వచ్చినవాళ్ళలో ఆ విద్య ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ముందురోజు ఆమె అర్హత పోటీల చివరి రౌండులో ఓడిపోయింది. అలా ఓడినవాళ్ళు ఊరు విడిచి వెళ్ళకుండా, మర్నాడు పొద్దున్నే రిఫరీకి పేరు చెప్పి కాచుకుని ఉండవచ్చు. ప్రధాన పోటీకి ఎంపికైన వాళ్ళెవరైనా తమ మొదటి ఆట ప్రారంభం కాకముందే తప్పుకుంటే, ఆ చోటు వీళ్ళకు దక్కుతుంది. వీళ్ళనే లక్కీ లూజర్లంటారు. ఆట మొదలై ఒక్క పాయింటు జరిగినా ఇక ఆ చోటు ఎవరికీ రాదు. ఆ రోజు కాచుకున్నవాళ్ళలో అందరికంటే ముందున్నది ఇంగ్రిడ్.

ఆమెకు ముప్ఫై మూడేళ్ళు. లాకర్ గదిలో చిన్నపిల్లలు చాటుగా బామ్మ అంటారని ఆమెకు తెలుసు. ఈ వారం ప్రధాన పోటీలో చోటు దొరక్కపోతే ఇక ఆడనని, ఉత్తరాన సొంతూరు డులూత్‌కు తిరిగివచ్చి అక్క కారిన్ క్లబ్బులో పిల్లలకు ఆట నేర్పుతానని అక్కకు మాట ఇచ్చింది. ఆమె కోరుకున్నది గెలుపు కూడా కాదు. అర్హత పోటీల్లో అంపైరు కుర్చీ ఉండదు; బంతి గీత దాటిందో లేదో ఎవరికి వాళ్ళే చూసుకుని, ఎవరి లెక్క వాళ్ళే బిగ్గరగా చెప్పుకోవాలి. కుర్చీలో కూర్చున్న మనిషి మైకులో తన పేరు పూర్తిగా చదువుతుండగా ఇంకొక్కసారి విని, ఆ తర్వాత ఓడినా సరే, మానేద్దామనుకుంది.

ఇంత ఆడీ ఇక్కడే ఎందుకు ఆగిపోయిందన్నదానికి కారణం ఆమె ఆటలోనే ఉంది. ఆ ఆటకు కారణం డులూత్ చలికాలాల్లో ఉంది. ఇంట్లో ప్రతిభ గలది కారిన్. తండ్రి కారిన్ వెనక నిలబడి, నెట్టుకు అవతలున్న చిన్నదానితో, అక్క చేతికి అందేలా కొట్టమని చెప్పేవాడు. ఆ చిన్నది అలాగే కొట్టింది. కారిన్ మోకాలు పాడై ఆట మానేసింది, ఇంగ్రిడ్ మానలేదు. కానీ అప్పటికే ఆమె బంతి అవతలివాళ్ళ నడుము ఎత్తుకు, ఒక్క అడుగు దూరానికి, అడిగినట్టుగా వెళ్ళడం నేర్చుకుని ఉంది. అందుకే ఆటకు ముందు ఆమెతో సాధన చెయ్యాలని అందరూ కోరుకునేవారు. ఆటలో ఆమె ఎదురైతే ఎవరూ భయపడేవారు కాదు.

రిఫరీ లొరెయిన్ పెటిగ్రూ వెడల్పాటి గడ్డి టోపీ పెట్టుకుని అటుగా వెళుతూ ఆగింది.

"ఇంకా నిలబడే ఉన్నావా? కూర్చోవే తల్లీ. కూర్చున్నంత మాత్రాన నీ చోటు ఎక్కడికీ పోదు."

"కూర్చుంటే మోకాలు లేవనంటుంది."

"నాకు నలభై ఏళ్ళకే మొదలైంది ఆ రోగం," అంటూ లొరెయిన్ నవ్వి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం గడిచేసరికి ఒక్క ఆట తప్ప మొదటి రౌండు ఆటలన్నీ మొదలైపోయాయి. ఆ మిగిలినది మకైలా ప్రూయిట్‌ది. అలబామా పిల్ల, పంతొమ్మిదేళ్ళది. ముందురోజు డబుల్స్‌లో ఆమె చీలమండ మడతపడిన సంగతి అందరికీ తెలుసు. తప్పుకుంటుందని లొరెయిన్ కూడా అనుకుంది. ఇంగ్రిడ్ కూడా, పైకి అనకపోయినా, పొద్దుటినుంచి ఆ చీలమండ మీదే ఆశ పెట్టుకుని ఉంది.

మకైలా కుంటకుండా నడవడానికి శ్రమపడుతూ వచ్చి ఆమె ఎదుట నిలబడింది. ప్రత్యర్థి తన కోచ్‌తో సాధన చేస్తోందనీ, తనకు కోచ్ లేడనీ, మిగతావాళ్ళంతా ఆటల్లో ఉన్నారనీ చెప్పింది.

"ఒక్క పది నిమిషాలు నాతో బంతులు కొడతారా మేడమ్? నొప్పెడితే వెళ్ళి ఆడనని చెప్పేస్తాను. అప్పుడు మీకే మంచిది."

"ముందు నన్ను మేడమ్ అనడం మానెయ్."

"మా అమ్మ చంపేస్తుంది మేడమ్."

ఖాళీగా ఉన్న చివరి కోర్టులోకి వెళ్ళారు. కోర్టు మీద పరిచిన ఆకుపచ్చ మట్టి ఎండకు పొడిబారి, అడుగు వేస్తే లేస్తోంది. ఏం చెయ్యాలో ఇంగ్రిడ్‌కు స్పష్టంగా తెలుసు. ఒక బంతి కుడి మూలకు, వెంటనే ఇంకొకటి వెనక్కి తిరగాల్సిన చోటికి. చీలమండ తన సమాధానం తానే చెబుతుంది. అందులో అన్యాయమేమీ లేదు. ఆటలో ఎవరైనా అలాగే కొడతారు. పిల్ల పరీక్షించుకుందామని వచ్చింది, పరీక్ష పెట్టడమే న్యాయం. ఇదంతా వరసగా ఆలోచించుకుంది. చెయ్యి మాత్రం వినలేదు. రాకెట్టు వదిలిన ప్రతి బంతీ ఆ పిల్ల నడుము దగ్గరికి, ఒక్క అడుగు దూరానికి వెళ్ళింది. పళ్ళు బిగపట్టి ఒకటి మూలకు కొట్టింది. అది గీత దాటి పడింది. మకైలా కదలను కూడా లేదు.

"సారీ," అంది ఇంగ్రిడ్, అనాలనుకోకుండానే. మళ్ళీ నడుము ఎత్తు బంతులే వెళ్ళాయి.

పిల్ల ముఖంలో బిగువు కొద్దికొద్దిగా సడలింది. చివరికి బంతి చేత్తో పట్టుకుని నెట్టు దగ్గరికి వచ్చింది.

"మీ బంతి ఎంత బాగా వస్తుందండీ. కాలొకటుందని మర్చిపోయాను." కాలికేసి చూసుకుని అడిగింది. "నా చోట మీరైతే ఆడతారా?"

ఆ పిల్ల తనే వచ్చి అడిగింది. వద్దంటే మానేసేది. ఇంగ్రిడ్ రాకెట్టు తీగలు ప్లాస్టరు చుట్టిన వేళ్ళతో సరిచేసింది. ఈ ప్రశ్నకు ఆమె దగ్గర నిజమైన సమాధానం ఒక్కటే ఉంది. అది పదిహేనేళ్ళుగా ఆమె ఆడుతూ వచ్చిన సమాధానం.

"ఆడతాను," అంది. "దూరం వెళ్ళేవాటి వెంట పరిగెత్తకు, వదిలెయ్. సర్వీసు అవతలి పిల్ల ఒంటి మీదికి కొట్టు, అప్పుడు ఆమె నిన్ను పరిగెత్తించలేదు."

మకైలా వెళ్ళాక ఇంగ్రిడ్ వెడల్పాటి చీపురు లాగుతూ కోర్టు చదును చేసింది. మట్టి కోర్టు మీద ఎవరి అడుగులు వాళ్ళే చెరపాలి. సగం పూర్తయ్యేసరికి పక్క కోర్టులోంచి మైకు వినిపించింది. ఎడమవైపు ఫలానా, కుడివైపు మకైలా ప్రూయిట్. తర్వాత నిశ్శబ్దం. ఆ తర్వాత తీగల మీద బంతి చప్పుడు, స్కోరు. ఆమె చీపురు ఆపలేదు.

లొరెయిన్ కంచె దగ్గరికి వచ్చి నిలబడింది.

"మొదలైపోయింది, ఇంగ్రిడ్."

"విన్నాను."

"ఆ పిల్లతో బంతులు ఎందుకు కొట్టావు?"

"అడిగింది."

లొరెయిన్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుంది. పై వారం ఎక్కడని అడిగితే, డులూత్‌లో ఎనిమిదేళ్ళ పిల్లలకు క్లాసని చెప్పింది ఇంగ్రిడ్. రిఫరీలు ఆటగాళ్ళను కావలించుకోరు. లొరెయిన్ కంచె సందులోంచి రెండు వేళ్ళు చాపి ఆమె మణికట్టు పట్టుకుని, కాసేపటికి వదిలేసింది.

మకైలా దూరం వెళ్ళిన బంతులన్నీ వదిలేసి, సర్వీసు ఒంటి మీదికి కొట్టి, మూడో సెట్టులో గెలిచింది. కాలికి ఐసు కట్టించుకుని, ఆ మాట చెబుదామని చివరి కోర్టుకు కుంటుతూ వచ్చింది. మట్టి మీద చీపురు చారలు మాత్రమే ఉన్నాయి. ఇంగ్రిడ్ ఎక్కిన కారు అప్పటికే హైవే మీద ఉంది.

బెంచీ మీద, ఆమె కుడిచేతి వేళ్ళనుంచి ఊడదీసిన తెల్ల ప్లాస్టరు చుట్లు రెండు మిగిలాయి. చదునుగా పడిపోకుండా, వేళ్ళు ఇంకా లోపలే ఉన్నట్టు, గుండ్రంగా నిలబడి ఉన్నాయి.