వీపు మీద నంబరు

"నాలుగో గేటు దగ్గర ఒక్క లాఠీ కూడా లేవదు. ఇది నా మాట." శనివారం ‘రియాచ్వేలో’ అనే ఫుట్‌బాల్ క్లబ్బు అభిమానుల ముందు పోలీసు కమిషనర్ అన్న మాట ఇది. ఆదివారం మ్యాచ్ ముగియగానే అదే గేటు దగ్గర లాఠీలు లేచాయి.

సోమవారం పొద్దున పేట జనం ఎప్పటిలాగే జులేమా లాటరీ దుకాణం ముందు వరుస కట్టారు. బ్యూనస్ ఐరెస్‌కు దక్షిణాన ఉన్న ఈ పేటలో పోలీసు కొట్టిన చోట వాతతో పాటు అతని బిళ్ళ నంబరు కూడా తేలుతుంది. ఆ నంబరు మీద లాటరీ ఆడటం తాతలనాటి అలవాటు.

స్టేడియంలో పెద్ద డోలు వాయించే గాస్తోన్, వెల్డింగ్ పనివాడు, చొక్కా ఎత్తి వెనక్కి తిరిగాడు.

"ఏమంటోంది అత్తా, నా వీపు?"

జులేమా కళ్ళద్దాలు సర్దుకుంది. "నాలుగు, నాలుగు, ఒకటి, ఏడు. చెయ్యి తిరిగినవాడేరా, అంకెలు కుదురుగా పడ్డాయి."

దెబ్బలు తినని వాళ్ళూ ఆ నంబరే ఆడారు. అరవై మూడు చీట్లు తెగాయి. సాయంత్రం గెలిచింది మాత్రం 4471. పోలీసులకు అంకెలు వరసగా కొట్టడం కూడా చేతకాదని పేటంతా నవ్వుకుంది.

మంగళవారం గాస్తోన్‌ను పట్టుకెళ్ళారు. రాళ్ళు రువ్వి, పారిపోతూ జారిపడ్డాడని కేసు. నాలుగో గేటు దగ్గర అసలు పోలీసులే లేరట. రుజువైతే నాలుగేళ్ళ జైలు. రెండు చేతులా డోలు పట్టుకున్నవాడు ఏ చేత్తో రువ్వాడని అతని చెల్లెలు మిర్తా అడిగితే, కోర్టులో అడగమన్నారు. కోర్టు పిలిచేసరికి ఐదు వారాలైంది. వీపు నున్నగా మానిపోయింది. వాత మానేదాకా ఆగే న్యాయం లాఠీకి కాపలాదారు.

జులేమా అరవై మూడు చీట్ల నకళ్ళు జడ్జి ముందు పెట్టింది. అన్నిటి మీదా అదే నంబరు, అరెస్టుకు ముందురోజు తేదీ.

"ఇది తగిలిందా అమ్మా?" అన్నాడు జడ్జి.

"లేదండీ. వీడికే తగిలింది."

జడ్జి పోలీసుల డ్యూటీ రిజిస్టరు తెప్పించాడు. ఆ ఆదివారం 4417 నాలుగో గేటు దగ్గరే ఉన్నాడు. మధ్యాహ్నానికి గాస్తోన్ ఇంట్లో ఉన్నాడు. ఆ పోలీసు పేరు మాత్రం శాఖా రహస్యమట.

గాస్తోన్ పనికి వెళ్తున్నాడు. 4417 కూడా వెళ్తున్నాడు, అదే లాఠీతో. నంబరు వెనక దాక్కున్న రాజ్యం పిరికి రాజ్యం. కమిషనర్ గారూ, మీ మాట మాకొద్దు, అతని పేరు చెప్పండి. ఆగస్టు 30 లోగా.