కట్ట మీద సున్నపు గీత

సుజాతమ్మకు కోపం వస్తే వీధి కుక్కలు కూడా పక్కకు తప్పుకుంటాయని దిబ్బూరహళ్ళి వైపు జనం నవ్వుతారు. ఆ పొద్దున వచ్చిన కోపం మాత్రం సగం తన మీదే. చెరువు కట్ట మీద విరగబూసిన తంగేడును, జిల్లేడు ఆకుల మీది చారల పురుగులను, తుమ్మకొమ్మలకు వేలాడే గిజిగాడి గూళ్ళను ఫోటోలు తీసి, మురిసిపోయి గ్రూపులో పెట్టింది తనే. అవి ఆ ఫోనూ ఈ ఫోనూ తిరిగి తాలూకా ఆఫీసు చేరాయి. అక్కడి పెద్ద సాహేబు ముచ్చటపడి, రేపే వచ్చి చూస్తానన్నాడు.

ఆ మాట వినగానే పంచాయతీ మెంబరు రామచంద్రప్పకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. కట్ట నిండా పిచ్చిచెట్లుంటే ఊరి పరువేం కావాలి? కలుపుమందు కొట్టి నున్నగా చేయమని పంచాయతీ పనులు చేసే కిశోర్‌ను పురమాయించాడు. సాహేబు ఏది చూడాలని వస్తున్నాడో దాన్నే మాడ్చేసి ఆయనకు స్వాగతం చెబుతాడట! ఏం తెలివి, ఏం తెలివి!

కొన్నేళ్ళ కిందట ఆ కట్ట మీద లాంటానా ముళ్ళు తప్ప మరేమీ లేవు. సుజాతమ్మ, పక్కింటి మునిలక్ష్మమ్మ, ఇంకొందరు ఆడవాళ్ళు ఆదివారాలు గడ్డపారలు పట్టుకుని వెళ్ళి ఆ కంపను వేళ్ళతో సహా పెరికారు. గుట్టల్లో గింజలు ఏరుకొచ్చి చల్లారు. పనిలేని వాళ్ళని నవ్విన వాళ్ళలో రామచంద్రప్పే మొదటివాడు. చేతులు బొబ్బలెక్కినా ఒక్కరూ మానలేదు. తేనెటీగలొచ్చాయి, పిట్టలొచ్చాయి. ఇప్పుడు ఆ కట్టను ఎవరైనా ఒక్క మాటంటే సుజాతమ్మకు కన్నబిడ్డను అన్నట్టే ఉంటుంది.

"అక్కా! కిశోరు మందు కలపతాండాడు!" అంటూ మునిలక్ష్మమ్మ రొప్పుతూ వచ్చేసరికి, సుజాతమ్మ పట్టుపురుగుల ఇంటి గడప ముందు సున్నం చల్లబోతోంది. ఆ పల్లెల్లో గడప ముందు సున్నం పోశారంటే లోపల పురుగులున్నాయని అర్థం. పిలవనిదే పరాయివాళ్ళు దాన్ని దాటరు; దాటేవాళ్ళు ఎవరైనా చెప్పులు విడిచే దాటాలి. మందు ముట్టిన చేతులైతే ఆ దరిదాపులకే రావు. ఆ మందు గాలి సోకితే చాలు, తట్టలకు తట్టలు పురుగులు చచ్చిపోతాయి. మాటల్లేని అన్నదమ్ముల మధ్య కూడా ఈ కట్టుబాటు తప్పదు.

సుజాతమ్మ చేతిలోని సున్నం గంప వైపు చూసింది.

"పదమ్మే, పోదాం," అంది.

కిశోర్ మందు డబ్బా వీపుకు తగిలించుకుని, రామచంద్రప్ప వెంట వచ్చేసరికి కట్టకు అడ్డంగా తెల్లటి గీత ఉంది. దాని వెనక ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. కిశోర్ గీత ముందు ఆగి, అలవాటు కొద్దీ చెప్పులు విడిచాడు. విడిచాక తన పాదాల వైపు చూసుకుని, డబ్బా కిందికి దించాడు.

"నాతో కాదప్పా. మా ఇంట్లో గూడా పురుగులుండాయి," అన్నాడు.

రామచంద్రప్పకు మండిపోయింది.

"ఏందమ్మా ఈ ఆట? ఇదేమన్నా పురుగులిల్లా?"

"పురుగులిల్లే. కండ్లు తెరిసి చూడు." సుజాతమ్మ జిల్లేడు ఆకు తిప్పి పట్టుకుంది. చారల పురుగు ఒకటి తన పాటికి తాను అంచు కొరుకుతోంది. "మన తట్టల్లోవీ ఆకే తింటాయి, ఇదీ ఆకే తింటాండాది. పట్టు ఇయ్యకపోతే పురుగు కాదా?"

"ఇయి అడివివమ్మా!"

"అయితే? సున్నం పోసినాం. దాటకూడదు."

రామచంద్రప్ప డబ్బా తనే భుజానికెత్తుకుని ఒక్క అంగలో గీత దాకా వచ్చాడు. ఆయన ఇప్పుడు దాటేస్తే ఇన్నేళ్ళ కష్టం ఈ పూటతో సరి. అయినా సుజాతమ్మ అంగుళం కూడా జరగలేదు.

"దాటప్పా," అంది. "నువ్వు దాటినాక ఈ ఊర్లో సున్నానికి విలువేముండాది? మీ ఇంట్లో పురుగులు గూడు కట్టే పొద్దు ఇది. సొంత బామ్మర్దిని గూడా వాకిట్లోనే నిలబెట్టినావు. రేపు మీ గడప ముందరి సున్నం ఎవురైనా దాటితే ఏ మొగం పెట్టుకోని అడగతావు?"

రామచంద్రప్ప ఎత్తిన కాలు అట్లాగే ఆగింది. వెనక్కి చూశాడు. కిశోర్ చెప్పులు చేత్తో పట్టుకుని, నేల చూపులు చూస్తున్నాడు. రామచంద్రప్ప మెల్లగా కాలు వెనక్కి తీసుకుని, డబ్బా దించి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"రేపు సాహేబు వస్తాడు గదమ్మా. ఆయనకేం చెప్పేది నేను?"

సుజాతమ్మ గంప బోర్లించి, అడుగున మిగిలిన సున్నాన్ని కూడా గీత మీద దులిపింది.

"చెప్పులిడిసి రమ్మని చెప్పు."